టీ రుచి తెలియని పెద్దాయన

పెద్దాయన అనగానే తెల్లజుట్టూ చేతికర్రా ఊహించుకునేరు. ఈ పెద్దాయనకి మొన్నీమధ్యే ఇరవై వచ్చాయి. మీసం ఇంకా వద్దామా మానుదామా అన్న ఆలోచనలోనే ఉంది. మోర్మన్ సంఘం తరఫున ఊరుగాని ఊరు వెళ్ళి సువార్త చెప్పే కుర్రాళ్ళని ఎల్డర్ అంటారు, అంటే పెద్ద అని. తెల్ల చొక్కా జేబు మీద నల్ల బిళ్ళ, బిళ్ళ మీద ఆ మాట. బస్సు డిపో వీధిలో జనం ఆ బిళ్ళ చదివి, కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, ఓహో పెద్దాయన అన్నారు. వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు రెండు నెలల్లో అసలు పేరైపోయింది.

అతనికో జోడీ ఉన్నాడు. ఆ సంఘంలో ఎవరినీ ఒంటరిగా పంపరు, ఇద్దరిద్దరే. ఇద్దరూ ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు కనిపిస్తూ ఉండాలని నియమం, స్నానాలగది ఒక్కటే మినహాయింపు. ఈ జోడీ మరో దేశం వాడు, ఏడాది పెద్ద. గుమ్మం కనిపిస్తే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా తల వంచేసేవాడు. వీధి అతన్ని పొడుగాయన అంది. పొడుగాయన నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి. పెద్దాయన సంగతా, గోడ కనిపించినా పలకరించి బాగోగులు అడిగే రకం. మంచి జోడీనే కుదిర్చారు ఎవరో గానీ.

వాళ్ళ గది పంక్చర్ కొట్టు మీద. కింద ట్యూబు పేలితే పైన మంచం ఉలిక్కిపడేది. ఆరున్నరకి లేవడం, అరగంట బస్కీలు, మోకాళ్ళ మీద ప్రార్థన, రెండు గంటలు గ్రంథం చదవడం, ఆ తర్వాత ఆ ఊరి భాషతో కుస్తీ. పది కొట్టేసరికి ఇస్త్రీ చొక్కా, టై, బిళ్ళ పెట్టుకుని వీధిలో ఉండాలి. సినిమాలు లేవు, షికార్లు లేవు, ఆడపిల్లల వంక చూపు లేదు. ఇంటికి ఫోను వారానికోసారి, సోమవారం, బట్టలుతుక్కునే రోజున. అమ్మ ఏం తింటున్నావని అడిగేది, చెల్లి ఎంతమంది వింటున్నారని అడిగేది, మెకానిక్ నాన్న ఏమీ అడక్కుండా అక్కడి బస్సుల ఇంజన్లు ఎలా ఉన్నాయో కనుక్కునేవాడు. ఇదంతా రెండేళ్ళు. పైగా జీతం లేదు సరికదా, నాన్న షెడ్డులో గ్రీజు పూసుకుని తను కూడబెట్టుకున్నదే ఖర్చు. ఎవరు బలవంతం చేశారయ్యా అంటే, ఎవరూ చెయ్యలేదు. ప్రభువు పని అన్నాడు, కాలికి బలపం కట్టుకుని బయల్దేరాడు, అంతే.

అమాయకత్వమా అంటే, కొంత అదీ ఉంది. ఒకసారి తలుపు కొడితే లోపల్నుంచి ఒక గొంతు "ఇంట్లో ఎవరూ లేరు" అంది. మనవాడు ఎంతో మర్యాదగా, "అలాగేనండి, వాళ్ళొచ్చాక మేమొచ్చి వెళ్ళామని చెప్పండి" అని మెట్లు దిగాడు. పొడుగాయన వీధి చివరిదాకా నవ్వు ఆపుకుని, మలుపు తిరిగాక స్తంభం పట్టుకుని నవ్వాడు. పదహారు నెలల్లో మొహం మీద వేసిన తలుపులు ఎన్నో లెక్కే లేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు మాత్రం సున్నా. తోటి కుర్రాళ్ళు ఇద్దరికిచ్చాం, ముగ్గురికిచ్చాం అని చెప్పుకుంటుంటే పైకి చప్పట్లు కొట్టేవాడు గానీ లోపల కలుక్కుమనేది. నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉందేమోనని అనుకునేవాడు పాపం.

అలాంటి రోజుల్లో ఒకనాడు వాన కురిసింది. తలదాచుకోవడానికి ఇద్దరూ డిపో గేటు పక్కనున్న టీ కొట్టులో దూరారు. కొట్టు నడిపే ఆవిడకి యాభై ఉంటాయి, డిపోలో డ్రైవర్లూ కండక్టర్లూ అందరికీ ఆవిడ టీ అక్క. తడిసిన కుర్రాళ్ళని చూసి జాలిపడి రెండు టీలు పోసి ముందు పెట్టింది. పెద్దాయన చేతులు జోడించి, టీ వద్దు, వేడి పాలుంటే చాలన్నాడు. మా సంఘంలో టీ, కాఫీ, మందు, పొగాకు, ఇవేవీ ముట్టుకోరని వివరంగా విన్నవించాడు కూడా. టీ కొట్టుకొచ్చి టీ ముట్టుకోనంటాడు, వీడి ధైర్యం కూల! బల్ల మీద కూర్చున్న ఒక ముసలి డ్రైవరు అయితే, ఇవేవీ లేకుండా మరి బతకడం దేనికని అడిగాడు. గొంతు పెద్దది కాబట్టి ఆయన్ని అందరూ హారన్ అంటారు. అక్క నవ్వి రెండు గ్లాసుల పాలు కాచి ఇచ్చింది.

మర్నాడు వాన లేకపోయినా వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. పాలు తాగుతూ పెద్దాయన చెప్పేవాడు, అక్క గ్లాసులు కడుగుతూ వినేది, హారన్ అడ్డం తగిలేవాడు. ఒకరోజు మాటల్లో భార్యాభర్తల సంగతి వచ్చింది. చావుతో ఆ బంధం తెగిపోదని, తమ సంఘం ఆలయంలో వేసే ముడి ఆ లోకంలో కూడా నిలుస్తుందని, పోయినవాళ్ళతో కూడా ఆ ముడి వేయిస్తారని అతను చెప్పాడు. కడుగుతున్న గ్లాసు అక్క చేతిలోనే ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఆ కొట్టు పెట్టింది అక్క భర్త. ఆవిడకి టీ కాచడం నేర్పిందీ ఆయనే. పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళూ ఆయన లేని లోటు ఎవరికీ చెప్పుకోకుండా పొద్దున్నే పొయ్యి వెలిగించుకుంటూ వచ్చింది. ఇప్పుడీ పిల్లకాకి వచ్చి మళ్ళీ కలుస్తారంటున్నాడు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఏడాది ఆగితే గానీ ఆలయంలోకి వెళ్ళడానికి ఉండదని పెద్దాయన భయంభయంగా చెప్పాడు. "తొమ్మిదేళ్ళు ఆగిన మనిషికి ఏడాది ఓ లెక్కా" అంది అక్క. ఆదివారాలు చర్చికి రావడం మొదలుపెట్టింది, చివరికి ఒక శనివారం బాప్తిస్మానికి ఖాయం చేసుకుంది. ఆ రాత్రి పెద్దాయన ప్రార్థన ఎంతకీ ముగియక, పక్కన మోకరించిన పొడుగాయనకి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. టీ అమ్మడం తప్పు కాదు, తాగడమే కూడదు. అక్క తాగడం మానేసింది, మూడు రోజులు తలనొప్పితో చచ్చి బతికింది, అదీ అయింది. కానీ టీ కాచేవాళ్ళు రుచి చూడకపోతే ఎలా? ప్రతి కాపుకీ గరిటెతో ఓ గుక్క నాలుక మీద వేసుకుంటే గానీ పాలెంత, పొడెంత, పంచదారెంత అన్నది ఆవిడకి తేలేది కాదు. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇప్పుడు కళ్ళకి గంతలు కట్టుకుని కుట్టుమిషను తొక్కినట్టుంది పని. ఒక కాపు చిక్కగా, ఒక కాపు నీళ్ళగా వస్తోంది. డ్రైవర్లు మొహమాటానికి తాగుతున్నారు.

ఈలోగా గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒక సోమవారం పొద్దున అక్కకి జ్వరం తగిలింది. కొట్టు మూసేస్తాలే అంటే పెద్దాయన ఒప్పుకుంటేనా? మేమున్నాం కదా అన్నాడు. పది గ్లాసులకి ఒక గుప్పెడు పొడి, మూడు పొంగులు రానివ్వాలి, డబ్బా పై అరలో ఉంది అని మంచం మీంచే చెప్పి పంపించింది. పై అరలో ఒకేలాంటి డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో టీ పొడి, రెండోదాంట్లో వడగట్టి ఎండబెట్టిన పిప్పి. డిపో తోటమాలి దాన్ని మొక్కలకి వేసుకుంటాడు. మీరైనా నేనైనా మూత తీసి వాసన చూస్తే ఇట్టే చెప్పేస్తాం. జన్మలో టీ చుక్క ఎరగని ఇద్దరు మహానుభావులు రెండు డబ్బాల్లోనూ ముక్కులు దూర్చి చూసి, రెండూ టీనే అని తీర్మానించుకున్నారు. తక్కువున్న డబ్బా ముందు ఖాళీ చేద్దామని పిప్పి డబ్బా దించారు.

ఎంత మరిగించినా రంగు రాదే! ఇంకో గుప్పెడు వేశారు, ఇంకో రెండు వేశారు. గంటసేపు మరిగితే బూడిదరంగు ద్రవం ఒకటి తయారైంది. పదిన్నరకి మొదటి షిఫ్టు దిగిన నలభై మందికి టై సర్దుకుని మరీ పోశారు. తాగినవాళ్ళెవరూ నోరు మెదపలేదు, అది మరీ భయంకరం. హారన్ మాత్రం గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, "బస్సు కడిగిన నీళ్ళు నాకు తెలుసు. ఇది అది కూడా కాదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే డిపో మేనేజరు అటు వచ్చి ఒక గ్లాసు పుచ్చుకున్నాడు.

అంతకుముందునుంచే ఆయనకి ఫిర్యాదులు అందుతున్నాయట. గేటు పక్క స్థలం డిపోదే. టీ మిషను పెడతామని ఒక కంపెనీ వాళ్ళు ఎప్పట్నుంచో ఆయన వెంటపడుతున్నారు. శుక్రవారం పదిన్నరకి తనే వచ్చి తాగుతానని, అప్పుడు కూడా ఇలాగే ఉంటే మిషనుకి సంతకం పెట్టేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. శుక్రవారం తర్వాత రోజే బాప్తిస్మం. పెద్దాయనకి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. జ్వరంతో ఉన్న అక్క కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది చెప్పి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్క మొదట డబ్బాల సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. మేనేజరు మాట విన్నాక నవ్వడం ఆపింది. ఆ కొట్టు తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు.

మంగళవారానికి జ్వరం దిగి అక్క మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. అప్పట్నుంచి పెద్దాయన చేసిన పాట్లు చూడాలి. రోజూ పదికల్లా కొట్టు ముందు హాజరు. గడియారం చూసి పొంగులు లెక్కపెట్టేవాడు. టీ గ్లాసుని తన తెల్ల చొక్కా చేతికి ఆనించి రంగు పోల్చేవాడు. నాలుగు కాపులకి నాలుగు మరకలు పడ్డాయి గానీ, రంగు చూస్తే రుచి తెలుస్తుందా? హారన్ బల్ల మీద కూర్చుని ఈ తతంగమంతా చూస్తున్నాడు. అక్క మతం మారడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు, ఆ ముక్క అందరి ముందూ అనేవాడు కూడా. బుధవారం ఇక ఓపిక నశించి లేచి వచ్చాడు. "మీ దేవుడి సంగతి నాకు తెలీదు. టీ సంగతి తెలుసు. నా నాలుక వాడుకోండి" అన్నాడు.

బుధవారం, గురువారం హారన్ గుటక వేసి చెప్పడం, అక్క పొడి సర్దడం. టీ మళ్ళీ దారిలో పడింది. శుక్రవారం కూడా ఇలాగే గట్టెక్కుతామనుకున్నారు. దేవుడు తలచింది వేరు. పొద్దున్నే ఎవరో డ్రైవరు సెలవు పెడితే హారన్ని దూరపు రూటుకి పంపేశారు, సాయంత్రం గానీ తిరిగి రాడు. మిగతా బస్సులింకా డిపోకి చేరలేదు. పదీ ఇరవై అయింది. కొట్టులో ఉన్నది అక్క, పెద్దాయన, పొడుగాయన. ముగ్గురిలో ఇద్దరికి రుచి తెలియదు, తెలిసిన ఒక్కరూ తాగకూడదు.

పొయ్యి మీద టీ మూడో పొంగు వచ్చింది. అక్క గరిటె ముంచి పైకి తీసింది. అలాగే పట్టుకుని నిలబడింది. "పెద్దాయనా, ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

ఒక్క గుక్కే కదా, తాగేయండి అని నోటిదాకా వచ్చింది అతనికి. ఆవిడ కొట్టు పోతే ఏం తింటుంది? వద్దక్కా అన్న మాట కూడా వెనకే వచ్చింది. అయితే ఆ రెండో మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకున్నాడు. పదహారు నెలల సున్నా చెరిగిపోవాలని వచ్చింది, ఆవిడ కోసం రాలేదు. తనమీద తనకే సిగ్గేసింది. దేవుడికీ అక్కకీ మధ్య తనెవరు, తన లెక్కెవరికి కావాలి?

"అక్కా, నేను అటు తిరిగి నిలబడతాను. మీ మనసుకి ఏది సరి అనిపిస్తే అది చెయ్యండి. తర్వాత నేనడగను. ఏం చేసినా నేను మీ వైపే" అన్నాడు. అని గోడవైపు తిరిగాడు. పొడుగాయన కూడా పక్కనే గోడవైపు తిరిగాడు. ఎక్కాలు అప్పజెప్పలేక శిక్ష పడ్డ బడిపిల్లల్లా ఇద్దరూ అలా నిలబడితే, అటు వచ్చిన మేనేజరు ఇదేమిటని అడిగాడు. జవాబుగా అక్క ఒక గ్లాసు నింపి చేతికిచ్చింది.

మేనేజరు టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఆయన జేబు రుమాలుతో మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు. రెండోది కూడా తాగి, మిషను వాళ్ళకి రావద్దని కబురు పెడతానని చెప్పి వెళ్ళాడు. అంత మంచి టీ ఆ కొట్టులో నెల రోజుల్నుంచి ఎవరూ తాగలేదని ఆ తర్వాత వచ్చిన డ్రైవర్లు అన్నారు. పెద్దాయన ఎగిరి గంతేశాడు. వేసి కిందికి దిగేలోపే ఒక ఆలోచన పురుగులా దొలవడం మొదలుపెట్టింది. రుచి చూడకుండా అంత బాగా ఎలా వచ్చింది?

బాప్తిస్మానికి ముందు ఒకరు ఏకాంతంగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. టీ మానారా అన్నది అందులో ఒకటి. ఆ సాయంత్రం ఆ పని మీద ఇంకో పెద్దాయన వచ్చాడు, ఆయనకీ ఇరవై ఒకటే. అక్క లోపలికి వెళ్ళి పావుగంటలో బయటికొచ్చింది. ఆయన రేపు బాప్తిస్మమిచ్చే తొట్టి నింపుకోండి అన్నాడు. తాగానని చెప్పి ఉంటే వాయిదా వేసేవాడు. అంటే తాగలేదని చెప్పింది. మరి తాగి ఉంటే? ఛీ, ఏం మనసురా నాది అని పెద్దాయన తనని తనే తిట్టుకున్నాడు. అడగనని మాటిచ్చాడు, అడగడానికి లేదు. మర్నాడు చర్చిలో గొట్టం పట్టుకుని మూడు గంటలు బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు నింపుతున్నంతసేపూ అదే రంధి.

మధ్యాహ్నానికి చర్చిలో కుర్చీలు చాలలేదు. డిపోలో డ్యూటీ లేనివాళ్ళంతా యూనిఫారాల్తో దిగారు. హారన్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, దేనికీ ఒప్పుకోనివాడి మొహం పెట్టుకుని. పెద్దాయన తెల్లబట్టల్తో నీళ్ళలోకి దిగాడు, నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అక్క కూడా తెల్లబట్టల్లో మెట్లు దిగి ఎదురుగా నిలబడింది. గట్టున సాక్షులు ఇద్దరు, అందులో పొడుగాయన ఒకడు. ప్రార్థనలో ఒక్క మాట తప్పినా, మునిగినప్పుడు ఒక్క వేలు పైకి తేలినా మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. ఆ నాలుగు వాక్యాలూ పెద్దాయన పదహారు నెలల్నుంచి నిద్రలో కూడా వల్లిస్తున్నాడు.

అక్క అతని ముంజేతిని పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అంది.

"తాగలేదురా. నువ్వు కళ్ళప్పగించి చూస్తూ ఉంటే తాగేసేదాన్నే. నమ్మి వెనక్కి తిరిగావు చూడు, ఇంక ఎలా తాగుతాను? గరిటె కింద పెట్టేసి కళ్ళు మూసుకుని, ఆయన ఎలా కాచేవాడో తలుచుకుని వడగట్టేశాను."

పెద్దాయన, "క్షమించండక్కా. నేను అనుమానపడ్డాను" అన్నాడు.

"తెలుసు. నిన్నట్నుంచి నీ మొహం చూస్తూనే ఉన్నాగా. ముందు ప్రార్థన కానియ్యి, నీళ్ళు చల్లబడుతున్నాయి."

కుడిచెయ్యి పైకెత్తి మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో ఒక మాట తప్పింది. పొడుగాయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి మొదటి వాక్యంలోనే ఆగిపోయాడు. ముందు వరసలోంచి హారన్ తన మామూలు గొంతుతో, "ఇంజను పట్టుకోవట్లేదు. కంగారు లేదు బాబూ, ఇంకోసారి తిప్పు" అన్నాడు. డ్రైవర్లంతా ఘొల్లుమన్నారు, పొడుగాయన కూడా నవ్వేశాడు, పెద్దాయనా నవ్వాడు. ఆ నవ్వుతో కంగారు వదిలింది.

మూడోసారి ఒక్క అక్షరం తప్పలేదు. అక్క నిండా మునిగింది, వేలికొస కూడా తేలలేదు. సాక్షులిద్దరూ సరే అన్నట్టు తల ఊపారు. నీళ్ళలోంచి లేచిన అక్క తన మొహం తుడుచుకోవడం మాని, ముందు అతని మొహం తుడిచింది. అతను తడిసింది నడుము దాకానే మరి.